బోర్గుండ్‌లో తారు వాసన వేసే చర్చి

నార్వేలో ఆవుర్లాండ్ వైపు నుంచి 24.5 కిలోమీటర్ల లార్డాల్ సొరంగం దాటి, ఈ16 రోడ్డు మీద లోయలోకి ఇంకాస్త దూరం పోతే బోర్గుండ్ వస్తుంది. అక్కడ చర్చిలు రెండు. నల్లగా అంచెలంచెలుగా లేచి, కప్పు కొసల్లో డ్రాగన్ తలలు నిక్కించుకున్నది పాతది. దాని కలప 1180-81 చలికాలంలో కొట్టినదని చెట్టు వలయాలు లెక్కగట్టి తేల్చారు. పక్కనున్న 1868 నాటి సాదా చర్చిని ఎవరూ పట్టించుకోవడం లేదు. నిజానికి పాతది మిగిలింది దాని పుణ్యమే.

ప్రతి చర్చిలో పారిష్ (ఆ చర్చి పరిధిలోని ఊళ్లు) జనాభాలో పదింట మూడు వంతుల మందికి చోటుండాలని 1851లో చట్టం వచ్చింది. ఈ ఇరుకు చర్చిల్లో అంత చోటెక్కడిది? చాలాచోట్ల పాతవి విప్పేశారు. ఒకప్పుడు వెయ్యికి పైగా ఉన్న ఇలాంటి స్టావ్ చర్చిలు, అంటే స్తంభాల చట్రంతో కట్టిన మధ్యయుగపు చెక్క చర్చిలు, నేడు 28. బోర్గుండ్ వాళ్లు మాత్రం కొత్తది పక్కన కట్టుకున్నారు. 1877లో పాతదాన్ని ప్రాచీన కట్టడాల పరిరక్షణ సంఘం తీసుకుంది.

లోపల చీకటి. కళ్లు అలవాటు పడేదాకా ఆగాలి. వెలుతురంతా పైనున్న చిన్న గుండ్రటి కంతల్లోంచే. ఇదంతా మధ్యయుగపు చీకటే అనుకుంటే పొరపాటు: తర్వాతి కాలంలో పెట్టిన బెంచీలను, పెద్ద కిటికీలను 1870ల మరమ్మతులో వాస్తుశిల్పి క్రిస్టియన్ క్రిస్టీ తీయించాడు.

అంతకుముందు తరం చర్చిల్లో స్తంభాలను నేలలో పాతేవారు. తేమకు మొదళ్లు కుళ్లిపోయేవి. ఇక్కడ రాళ్ల మీద, చర్చి అడుగున నాలుగు దూలాలను అడ్డంగా, నిలువుగా పరిచి, వాటిపై స్తంభాలు నిలబెట్టారు. మన మండువా ఇళ్లలో చెక్క స్తంభం కింద రాతి దిమ్మె వేసేదీ ఇందుకే. గోడ పలకలు ఒకదాని గాడిలో ఒకటి దిగుతాయి. స్తంభాల మధ్య ఇంటూ గుర్తులా బిగించిన కర్రలు గాలి తోపును కాచుకుంటాయి.

ఇక తారు. రోడ్డు తారు కాదు. పైన్ మోడులను, వేళ్లను సన్నని సెగన మగ్గబెట్టి తీసి, చర్చి చెక్కకు పూసేది. ఎండ తగిలే దక్షిణపు గోడ మీద త్వరగా పోతుంది, అక్కడ చెక్క గోధుమ రంగుకు తిరుగుతుంది. ఉత్తరపు గోడ నల్లగానే ఉంటుంది. కొత్తగా పూసిన ఏడాది ఎండలో కారుతుంది. గోడకు ఆనుకుంటే బట్టలకు అంటిన మరక ఇక వదలదు.

టికెట్ సందర్శక కేంద్రంలో తీసుకోవాలి. చర్చి దగ్గర నుంచే విండ్‌హెల్లా పాత రాజమార్గం ఎక్కవచ్చు. నిటారు మలుపులు, వాన పడితే రాళ్లు జారతాయి. ఆ దారిన పోయేవాళ్లు ఆగిన ఆనవాలు చర్చి గోడ మీదే ఉంది: సెయింట్ ఓలాఫ్ పండుగ సాయంత్రం టోర్ అనేవాడు చెక్కిన రూను అక్షరాలు (అక్కడి పాత లిపి).