కౌలు రైతు అంటే ఎవరు?

మూడు వారాలుగా కాన్సెప్ట్ పేపర్, అంటే పరిశోధన మొదలుపెట్టే ముందు ఇచ్చే చిన్న ప్రణాళిక, రాస్తున్నాను. విషయం కౌలు రైతులకు పంట రుణాలు. మొదటి డ్రాఫ్ట్‌లో "కౌలు రైతు" అని 15 సార్లు రాశాను, ఆ మాటకు అర్థం ఒక్కసారీ చెప్పలేదు. మా గైడ్ గారు దాని కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, "ఎవరమ్మా ఈయన?" అని అడిగారు.

చట్టం తీసి చూశాను. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం కింద, భూయజమాని సంతకం ఉంటేనే 11 నెలలకు సాగు హక్కు కార్డు ఇస్తారు. ఆ నిర్వచనం పట్టుకుంటే సంతకం దొరకని వాళ్లందరూ నా పేపర్‌లోంచి వెళ్లిపోతారు. 2011 జనగణనలో అయితే సొంత పొలం చేసేవారు, కౌలుకు చేసేవారు అందరూ "సాగుదారులే". అదీ నాకు పనికిరాదు.

మా పిన్నికి ఎకరంన్నర సొంతం, ఇంకో రెండెకరాలు కౌలు. అంతా నోటిమాటే. ఇచ్చిన బస్తాల లెక్క మా తమ్ముడి పాత నోటుబుక్కు వెనక పేజీలో పెన్సిల్‌తో రాసుకుంటుంది. ఆ పేజీ తప్ప వేరే ఆధారం లేదు. పిన్నిని వదిలేసే నిర్వచనం నాకు వద్దు.

చివరికి ఇలా రాశాను: "సొంత భూమి ఉన్నా లేకున్నా, ఇతరుల భూమిని నగదుకో పంటలో భాగానికో తీసుకుని, పెట్టుబడి పెట్టి, నష్టం వస్తే తానే భరించే సాగుదారు. రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి కాదు." నష్టం భరించడం అన్న ముక్క దగ్గరే కూలీకీ కౌలుదారుకీ తేడా తేలింది.

ఆ తర్వాత పరిశోధన ప్రశ్న, ఎవరిని కలవాలి, ఏం అడగాలి అన్నీ ఒక్క పూటలో రాసేశాను. రేపు పొద్దున్నే గైడ్ గారికి పంపుతున్నాను.