మా ఊరి భారతంలో గాంధారి శోకం

తిరుపతి దగ్గర పుత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో ఎండాకాలం వస్తే భారతం పెడతారు. ధర్మరాజుల గుడి ముందు 18 రోజులు, కురుక్షేత్రం లెక్కే. పగలు హరికథ, రాత్రి తెల్లారేదాకా నాటకం. బయటివాళ్ళు అర్జునుడు తపస్సుకు మానెక్కే తపసుమాను కోసం, నిప్పులగుండం కోసం వస్తారు. నాకు భారతమంటే గాంధారి శోకం.

చివరిరోజు పొద్దున దుర్యోధన వధ. మైదానంలో వెల్లకిలా పడుకోబెట్టిన పెద్ద మట్టిబొమ్మ. భీముడు గద తిప్పుతూ దాని చుట్టూ పరిగెత్తి పరిగెత్తి తొడ మీద కొడతాడు. లోపల కుండ పగిలి ఎర్రనీళ్ళు కారతాయి, ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది. సగం జనం అక్కడితో ఇంటికెళ్ళిపోతారు.

ఉండాల్సింది ఆ తర్వాతే. మా ఊళ్ళో గాంధారి వేషం కట్టేది మగాయనే. రాత్రంతా ఆడి గొంతు జీరబోయి ఉంటుంది, ఆ జీరగొంతుతోనే రాగం ఎత్తుకుంటాడు. కొంగు నడుముకు దోపి బొమ్మ తల దగ్గర మొదలుపెడతాడు. రెండడుగులు ముందుకు, ఒకటి వెనక్కి. వెనకడుగు పడేటప్పుడు రొమ్ము మీద అరచెయ్యి. గజ్జె, చరుపు ఒకేసారి వినిపిస్తాయి. మద్దెల ఆగిపోతుంది, తాళం ఒక్కటే మిగులుతుంది.

మా పెద్దమ్మ కొడుకు, అంటే మా అన్న, 2021 మే నెలలో కరోనాతో పోయాడు. కవర్లో చుట్టేసి ఇచ్చారు, ముఖం చూడనివ్వలేదు. చావుకు వాయించే పలకల మోత లేదు, పాడె లేదు. మా వైపు చావింట్లో ఆడవాళ్ళు భుజాలు పట్టుకుని గుండ్రంగా కూచుని, పోయినవాళ్ళ గుణాలు ఒక్కొక్కటే చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. దానికీ ఎవరూ రాలేకపోయారు. పెద్దమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఒక్కతే ఏడ్చింది.

కరోనా పోయాక మళ్ళీ భారతం పెట్టినప్పుడు, గాంధారి రెండో చుట్టు తిరుగుతుంటే పెద్దమ్మ లేచింది. వెనకాలే వెళ్ళి అడుగు కలిపింది. ‘‘పలక మోగకుండా పోతివే నాయనా, నా ఇంటికి దీపం పెట్టేదెవరు కొడకా’’ అని అదే రాగంలో అందుకుంది. వేషగాడు ఆగలేదు, తన మాటలు మానేసి రాగం మాత్రం సన్నగా సాగదీస్తూ ఆమెకు తోడిచ్చాడు. ఎంత పెద్ద మనసో! తర్వాత మొగుణ్ణి పోగొట్టుకున్నామె లేచింది. ఆ వెనక ఇంకొకామె. ఎవరు పోగొట్టుకున్నవాళ్ళ పేరు వాళ్ళు పిలుచుకుంటున్నారు, అడుగు మాత్రం అందరిదీ ఒక్కటే. గట్టు మీద కూచున్న మగవాళ్ళు తువ్వాళ్ళతో కళ్ళు తుడుచుకున్నారు. ఆ రోజు పెద్దమ్మ ఇంటికొచ్చి కడుపునిండా తింది.

ఎండెక్కుతోందని, శోకం కుదించి మధ్యాహ్నం పాటకచేరీ పెడదామని ఈసారి కుర్రాళ్ళు అంటున్నారు. గద దెబ్బ ఫోన్లో చూసుకోవచ్చు, ఈ ఏడుపు ఫోన్లో కుదరదు. చందా ఇస్తూ కమిటీవాళ్ళకు చెప్పొచ్చాను: వధ ఒక గంట ముందే మొదలుపెట్టండి, శోకం కోయొద్దు, గాంధారి కట్టే ఆయనకు సంభావన విడిగా ఇవ్వండి, అది నేనే ఇస్తాను.