ముసలితనాన్ని వాయిదా వేసే సీతాకోకచిలుక

మోనార్క్ సీతాకోకచిలుకల గురించి ఎవరు మాట్లాడినా ముందు దూరం సంగతే ఎత్తుకుంటారు. అర గ్రాము బరువుండే ప్రాణి కెనడా దక్షిణ భాగం నుంచి మెక్సికో కొండల దాకా నాలుగు వేల కిలోమీటర్లకు పైగా ఎగురుతుందని. గొప్పే, కాదనను. నన్ను పట్టుకుని వదలనిది మాత్రం వాటి ఆయుష్షు. జూన్‌లో రెక్కలు విప్పుకున్నది గుడ్లు పెట్టేసి నెలా నెలన్నరలో రాలిపోతుంది. అదే మొక్క మీద పుట్టి సెప్టెంబర్‌లో బయటికొచ్చిన దాని మనవరాలు ఎనిమిది నెలలు బతుకుతుంది. జాతి అదే, తిండి అదే. వేసవి పురుగుకి లేని ఆయుష్షు దీనికి ఎక్కడినుంచి వచ్చింది?

మేం ఉండేది అమెరికాలోని కాన్సస్‌లో, ఓవర్‌ల్యాండ్ పార్క్ అనే ఊళ్ళో. పెరట్లో కంచె వారగా మిల్క్‌వీడ్ పెంచుతున్నాను. మన జిల్లేడుకి దగ్గర చుట్టమే. ఆకు తుంచితే అలాగే పాలు కారతాయి. మొన్న వేసవికి వచ్చిన నాన్న వాటిని చూసి, "జిల్లేడు మొక్కలు డబ్బులిచ్చి కొన్నావా అమ్మాయ్?" అని నవ్వారు. కాలనీ అసోసియేషన్ వాళ్ళకి నవ్వు రాలేదు. కలుపు పీకెయ్యమని ఉత్తరం పంపారు. ఇది ఇక్కడి నేల మీద సహజంగా పెరిగే మొక్క అని, మోనార్క్ గొంగళిపురుగు ఈ జాతి ఆకు తప్ప ఇంకోటి ముట్టదని జవాబు రాసి, మొక్కల చుట్టూ రాళ్ళు పేర్చి పూలమడిలా చేశాను. ఆ తర్వాత ఉత్తరం రాలేదు. రాళ్ళున్నాయి కాబట్టి అది తోట అయిపోయింది కాబోలు!

నాన్న పొద్దున్నే కుర్చీ వేసుకుని అక్కడే కూర్చునేవారు. ఆకు అడుగున గుండుసూది తలంత గుడ్డు ఉంటుంది, నిలువునా సన్నటి గాడులతో. నాలుగైదు రోజుల్లో పురుగు బయటికొచ్చి ముందు ఆ గుడ్డు పెంకే తినేస్తుంది. పెద్దయిన పురుగు ఆకు తినే పద్ధతి నాకు చూపించింది నాన్నే. తిన్నగా అంచు పట్టుకోదు. ముందు తొడిమ దగ్గరికి వెళ్ళి నడి ఈనెని సగానికి కొరుకుతుంది. అక్కడ పాలు బొట్లుబొట్లుగా కారిపోతాయి, ఆకు వేలాడిపోతుంది. అప్పుడు కొసకి పోయి తీరిగ్గా మొదలుపెడుతుంది. ఆ పాలు బంకలాంటివి, చిన్న పురుగులైతే అందులో ఇరుక్కుని చచ్చిపోతాయి కూడా. "తెలివైందే," అన్నారు నాన్న, పక్కింటి పిల్లల గురించి చెప్పినట్టు.

ఆకులోని విషం మాత్రం ఒంట్లో చేరుతూనే ఉంటుంది, రెక్కలొచ్చాక కూడా పోదు. లింకన్ బ్రోవర్ అనే శాస్త్రవేత్త 1960ల్లో బ్లూ జే పిట్టలకి మోనార్క్‌లని తినిపించి చూశాడు. తిన్న పిట్ట కాసేపటికి కక్కుకుంది; మళ్ళీ ఆ నారింజ రెక్కల జోలికి పోలేదు.

సరే, ఆయుష్షు సంగతి. ఆగస్టులో పగలు తరుగుతుంది, రాత్రుళ్ళు చల్లబడతాయి, మిల్క్‌వీడ్ ఆకులు ముదిరి పసుపు తిరుగుతాయి. ఈ మూడూ తగిలిన తరం మిగతావాటిలాగే గొంగళిపురుగై, బంగారు చుక్కలున్న ఆకుపచ్చ గూట్లో ఉండి, బయటికొస్తుంది. పైకి తేడా ఏమంత కనపడదు. లోపల మాత్రం గుడ్లు తయారవ్వవు. జువెనైల్ హార్మోన్ అనే ఒక రసాయనం వేసవిలో దండిగా ఊరుతుంది, ఇప్పుడు బాగా తగ్గిపోతుంది. జత కట్టడం, గుడ్లు పెట్టడం, ముసలైపోవడం అన్నీ దాని చేతిలోనే ఉన్నాయి. 2001లో వచ్చిన ఒక పరిశోధనలో ఆ హార్మోన్ ఊరే గ్రంథి తీసేస్తే వేసవి మోనార్క్‌లు కూడా మామూలు కంటే చాలా ఎక్కువ కాలం బతికాయి. అంటే ఇది వేరే రకం సీతాకోకచిలుక కాదు, యవ్వనాన్ని పక్కన పెట్టిన మామూలు సీతాకోకచిలుకే. పూల తేనె తాగి కొవ్వు కూడబెట్టుకోవడమే దాని పని.

సెప్టెంబర్‌లో మేం వాటికి నంబరున్న స్టిక్కర్లు అంటిస్తాం, ఎక్కడ తేలాయో తర్వాత తెలిసేలా. యూనివర్సిటీ ఆఫ్ కాన్సస్‌లో 1992 నుంచి మోనార్క్ వాచ్ అనే కార్యక్రమం నడుస్తోంది, స్టిక్కర్లు వాళ్ళే ఇస్తారు. వలతో మెల్లగా పట్టి, రెక్కలు మూసి ఉండగానే, వెనక రెక్క మీద ఈనెల మధ్య గదిలాంటి ఖాళీ ఉంటుంది, అక్కడ అద్దాలి. వెనక రెక్క మీద నల్ల చుక్కుంటే మగది. నేను అంటిస్తుంటే నాన్న కళ్ళజోడు సర్దుకుని నంబర్ రాసుకునేవారు. ఓ రోజు ఇదంతా విని అడిగారు:

"అయితే దీనికి పెళ్ళెప్పుడు?"

"ఫిబ్రవరి, మార్చిలో నాన్నా. మెక్సికో నుంచి తిరుగు ప్రయాణానికి ముందు."

"అప్పటిదాకా ఆగుతుందా!"

ఆగుతుంది. ఇక్కడినుంచి రెండు వేల కిలోమీటర్ల పైమాటే. దారి చెప్పేవాళ్ళు లేరు, వెళ్ళొచ్చిన పెద్దలంతా వసంతంలోనే పోయారు. సూర్యుణ్ణి చూసి దక్షిణం పట్టుకుంటుంది. సూర్యుడు రోజంతా జరుగుతుంటాడు కదా, ఆ లెక్క సరిచేసే గడియారం దాని మీసాల్లో ఉందని 2009లో తేలింది. మీసాలకి నల్ల రంగు పూస్తే దిక్కు తప్పింది. వెలుతురు చొరబడే రంగు పూస్తే సరిగ్గానే ఎగిరింది.

చేరేది మెక్సికో దేశంలోని మిచోకాన్, మెక్సికో అనే రాష్ట్రాల కొండల మీద, దాదాపు మూడు వేల మీటర్ల ఎత్తున ఉండే ఒయమెల్ అనే ఫర్ చెట్ల అడవులకి. ఈ చోటు కోసం టొరంటోకి చెందిన ఫ్రెడ్ అర్కర్ట్, ఆయన భార్య నోరా దశాబ్దాల పాటు వెతికారు. చివరికి 1975 జనవరిలో సెర్రో పెలోన్ కొండ మీద చూసింది కటలీనా అగ్వాడో, ఆమె భర్త కెన్ బ్రగ్గర్. కటలీనా మిచోకాన్ అమ్మాయే. "కనిపెట్టారు" అని ఎక్కడైనా చదివితే నాకు కొంచెం చిరాకు. నవంబర్ మొదట్లో వచ్చే మృతుల పండగ రోజుల్లో ఈ రెక్కలు దిగుతాయని ఆ కొండ ఊళ్ళవాళ్ళకి ఎప్పటినుంచో తెలుసు. ఎక్కడినుంచి వస్తున్నాయన్నదే అప్పటికి తెలియంది.

మెక్సికో అనగానే అందరూ వెచ్చదనం కోసం వెళ్తాయనుకుంటారు. ఆ కొండల్లో బాగా చలి. కావలసింది అదే! గడ్డకట్టి చావనంత వెచ్చగా, కొవ్వు కరిగిపోనంత చల్లగా ఉండాలి. కొమ్మలు వంగిపోయేలా గుంపులు గుంపులుగా వేలాడుతూ గడిపేస్తాయి. ఆ చలికి ఇంకో పని కూడా ఉంది. శరదృతువులో పట్టిన మోనార్క్‌లని పరిశోధకులు కొన్ని వారాలు చల్లటి చోట ఉంచితే ఉత్తరానికి తిరిగాయి. చలి తగలనివి వసంతంలో కూడా దక్షిణానికే ఎగరబోయాయి. 2013 నాటి పరిశోధన ఇది. చదివినప్పటినుంచి ఆ కొండల్లో వేడి పెరుగుతోందన్న వార్త నాకు ఇదివరకటిలా అనిపించడం లేదు. అడవి నిలబడినా చలి సరిపోకపోతే?

తిరిగొచ్చేవి టెక్సాస్ చుట్టుపక్కల గుడ్లు పెట్టి పోతాయి. మా వైపు వచ్చేవి ఎక్కువగా వాటి పిల్లలే. 1996-97 చలికాలంలో ఆ మెక్సికో కొండల్లో దాదాపు 18 హెక్టార్ల అడవి వీటితో నిండింది. 2023-24లో 0.9 హెక్టార్లు. మధ్యలో ఏడాదికోలా ఉన్నా మొత్తమ్మీద తగ్గుదలే. కలుపు మందు తట్టుకునే మొక్కజొన్న, సోయా వచ్చాక పొలాల్లో మిల్క్‌వీడ్ తుడిచిపెట్టుకుపోవడం దీనికి ఒక పెద్ద కారణం.

పెరట్లో వేద్దామనుకునేవాళ్ళు నర్సరీల్లో ఎర్రపూల ట్రాపికల్ మిల్క్‌వీడ్ చూసి మోజుపడకండి. వెచ్చటి రాష్ట్రాల్లో అది చలికాలంలోనూ చావదు. దాంతో కొన్ని మోనార్క్‌లు ప్రయాణం మానేసి అక్కడే గుడ్లు పెడతాయి, ఆకుల మీద పరాన్నజీవి కూడా పేరుకుంటుంది. ఇక్కడి రకాలే వెయ్యండి. వాటి గింజలకీ మొలవాలంటే ముందు చలి తగలాలి: నవంబర్‌లో నేల మీద చల్లి వదిలేస్తే సరి, లేదా తడి కాగితంలో చుట్టి నెల పైన ఫ్రిజ్‌లో పెట్టాలి. ఈసారి మా కాయలు బాగానే పండాయి. కాన్సస్ సిటీ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళు అడిగితే గింజలు ఇస్తాను, రాళ్ళు మాత్రం మీరే తెచ్చుకోవాలి.