షెంగ్ వాన్‌లో సముద్రఫేనం

హాంకాంగ్ వచ్చి మూడేళ్లయినా షెంగ్ వాన్‌లోని డెవూ రోడ్ వెస్ట్ వైపు అడుగుపెట్టలేదు. ఆ వీధి పొడవునా ఎండు సముద్ర సరుకే, వాసనకి భయపడి! నిన్న మా ఆఫీసు స్నేహితురాలు వాళ్లమ్మగారి కడుపుమంటకి చైనా నాటు మందు కొనాలంటే తోడు వెళ్లా.

చీటీ చూసి కొట్టతను చెక్క సొరుగులు లాగి, ఒక్కోటీ తూచి కాగితం మీద పోశాడు. ముందు ఆల్చిప్ప ముక్కలు. ఇవి విడిగా ఓ అరగంట మరగాలట, ఆకులూ వేళ్లూ ఆ తర్వాతే. గట్టి సరుకు కదా, సారం ఓ పట్టాన దిగదు. తర్వాత తెల్లగా, తేలిగ్గా, గోరుతో గీస్తే రాలే ఓ పెళుసు ముక్క తీశాడు. అరె, సముద్రఫేనం! భీమిలి ఒడ్డున నాయనమ్మ ఏరి తెచ్చి, పొడిచేసి దాచేది. వీళ్లకది హై పియావ్ షియావ్. పేరుకే నురుగు, నిజానికి కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లోని చిప్ప. చాలావరకు కాల్షియం కార్బొనేటే కాబట్టి పులుపు విరగడంలో వింతేం లేదు.

పక్క సీసాలో ఎండిన సముద్రగుర్రాలు. సారాలో నానబెట్టి తాగుతారట, మగవాళ్ల సత్తువకి. అవి చూస్తే మాత్రం మనసొప్పలేదు. 2004 నుంచి వాటి అంతర్జాతీయ వ్యాపారం సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారంపై దేశాల మధ్య ఒప్పందం) నియంత్రణలో ఉంది. మన దేశంలోనైతే 2001 నుంచే పట్టడం నిషేధం.

సముద్రఫేనం ఫోటో పంపితే అమ్మ అంది: "దాన్ని డబ్బులిచ్చి కొంటారంటే, మన ఒడ్డంతా బంగారమేనే!"