చిన్నోడి జట్టుతో బెజవాడ కొండకి

ఏటి సూతకం తీరాక ముందు ఏ గుడికెళ్ళాలి, తిరుపతా పెదకాకానా అని అమ్మా పిన్నీ తేల్చుకుంటుంటే, నాన్న అన్నం కలుపుకుంటూ తలెత్తకుండానే "నేను భవానీ మాల వేసుకుంటన్నా" అన్నాడు. ఎవరికీ నోట మాట రాలేదు. మా నాన్న మమ్మల్ని గుళ్ళకి తీసుకెళ్ళేవాడు కానీ లోపలికొచ్చేవాడు కాదు, బయట బీడీ కాల్చుకుంటూ మా చెప్పులకి కాపలా ఉండేవాడు. అట్లాంటి మనిషి.

మాల వేసుకునేది మా తమ్ముడు. ఇంట్లో అందరికీ చిన్నోడు. డిగ్రీ చదివేటప్పట్నుంచీ కార్తీకం వచ్చిందంటే ఎర్రబట్టలు కట్టేవాడు, డిసెంబర్లో దీక్ష విరమణకి మా పేట కుర్రాళ్ళ జట్టుతో గుంటూరు నుంచి బెజవాడ దాకా చెప్పుల్లేకుండా నడిచి వెళ్ళేవాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళకి, రాత్రి పెసరట్టు తిని పడుకున్నవాడు తెల్లారేసరికి గుండెపోటుతో పోయాడు. సంబంధాలు చూస్తున్నాం అప్పటికి. ఇంతకంటే దాని గురించి రాయడానికి ఏం లేదు.

ఆ తర్వాతి ఏడాది గురించి మాత్రం రాయాలి. ఒకే ఇంట్లో ఒకే చావుకి మనుషులు ఇంత వేరువేరుగా ఏడుస్తారని నాకు అంతకుముందు తెలియదు.

అమ్మ మాట్లాడింది. పలకరింపుకి ఎవరొచ్చినా సరే, ఆ రాత్రి కథ మొదట్నుంచీ చెప్పేది. పిండి రుబ్బడం దగ్గర మొదలుపెట్టి, రెండో అట్టులో అల్లం ఎక్కువైందని సగం వదిలేశాడని, ఫ్యాన్ స్పీడు పెంచమన్నాడని, అన్నీ. వచ్చినవాళ్ళు వినేవాళ్ళు, మాతోపాటు కాసేపు ఏడ్చేవాళ్ళు, వెళ్ళొస్తాం అని చెప్పకుండా లేచి వెళ్ళిపోయేవాళ్ళు. చెప్పకుండా వెళ్ళాలనే ఆచారం ఎవరు పెట్టారో కానీ పుణ్యాత్ములు, ఎందుకంటే గుమ్మం దాకా వెళ్ళి సాగనంపే ఓపిక ఆ రోజుల్లో ఎవరికుంటుంది? నేను గమనించింది ఏంటంటే, అమ్మ కథ పెద్దకర్మ నాటికి అరగంట ఉండేది, మాసికాలు గడిచేకొద్దీ తగ్గుతూ వచ్చింది. ఫ్యాన్ పోయింది, పిండి పోయింది. చివరికి "అల్లం ఎక్కువైందన్నాడు" ఒక్కటి మిగిలింది. అది ఇప్పటికీ పోలేదు.

నాన్న నోరు విప్పలేదు. పెద్దకర్మ అయిన మర్నాడే మిర్చి యార్డుకి వెళ్ళిపోయాడు. అక్కడ కమీషన్ కొట్లో గుమస్తా ఆయన. రాతి గుండె అన్నారు మా చుట్టాలు, నాకు వినపడేలాగే అన్నారు. సీజన్ ఊపందుకుంటే మా గుంటూరు యార్డుకి ఒక్కరోజులో లక్ష టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దాటి వస్తాయి, లోపల అడుగుపెడితే తుమ్ములూ దగ్గులే. ఒకరోజు నాన్నకి క్యారియర్ ఇవ్వడానికి వెళ్తే, ఎప్పట్నుంచో తెలిసిన హమాలీ తాత ఒకాయన నన్ను పక్కకి పిలిచి, "ఈడ ఘాటుకి అందరి కళ్ళూ కారతానే ఉంటయ్ అబ్బాయా, మీ నాయనవి ఎందుకు కారతన్నయ్యో ఎవురడుగుతారు? రానీ, పనిలోకి రానీ" అన్నాడు. నాన్నని నిజంగా చూసినవాడు ఆయనొక్కడే అనిపించింది.

ఇంటికొస్తే మాత్రం మళ్ళీ గోడే. నాన్న గడపలో అడుగుపెట్టగానే అందరూ చిన్నోడి మాట ఆపేసి ఉల్లిపాయల రేటు గురించి మాట్లాడేవాళ్ళు. బాధ పెట్టకూడదని.

ఈ మధ్యలో మా ఆఫీసు కొలీగ్ దుఃఖానికి ఐదు దశలుంటాయని వాట్సాప్‌లో ఒకటి పంపాడు, మీ నాన్నగారు మొదటి దశలో, అంటే జరిగింది ఒప్పుకోకపోవడంలో, ఆగిపోయారు అని కూడా రాశాడు. అవి 1969లో కూబ్లర్ రాస్ అనే డాక్టరమ్మ చెప్పినవి, అదీ తమ చావు దగ్గరికొచ్చిందని తెలిసిన రోగులని చూసి చెప్పినవి. వెనక మిగిలినవాళ్ళకి వాటిని తర్వాత తగిలించారు. మా ఇంట్లో అయితే ఆ ఐదూ ఒకే పూటలో వచ్చి వెళ్ళేవి, వరస కూడా ఉండేది కాదు. దానికంటే నాకు పనికొచ్చింది ఇంకో సంగతి. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2022లో, ఎంతకీ తగ్గకుండా మనిషిని కూలదోసే దుఃఖాన్ని ఒక జబ్బుగా తన జాబితాలో చేర్చింది, కానీ పెద్దవాళ్ళ విషయంలో కనీసం ఏడాది గడవనిదే ఆ పేరు పెట్టకూడదంది. ఏడాది! పండగలు వద్దు, కొండ ఎక్కొద్దు అంటూ మనవాళ్ళు పెట్టిన గడువు కూడా అంతే కదా. కొడుకు పోతే అంతకాలం పాటించక్కర్లేదని పంతులుగారు చెప్పినా అమ్మ వినలేదు, ఏడాది అంది. ఆ ఏడాదిలో ఉగాది పచ్చడి ఎందుకు చేయలేదని ఎవరూ అడగలేదు. చేయకపోవడానికి ఒక కారణం దొరకడం కూడా ఎంత సాయమో.

సరే, నాన్న దీక్ష. మండలం అంటే 41 రోజులు. ఆయనకి షుగర్ ఉంది కాబట్టి అర్ధమండలం, 21 రోజులు చాలన్నారు గురుభవాని. తెల్లారుజామున చన్నీళ్ళ స్నానం, నేల పడక, బీడీ బంద్. బీడీ మానేస్తాడని అమ్మ కూడా నమ్మలేదు, మానేశాడు. మాలలో ఉన్నవాళ్ళని పేరుతో పిలవరు, చిన్నాపెద్దా అందరూ భవానీలే. నిన్నటిదాకా బాబాయ్ అన్న కుర్రాళ్ళే ఇప్పుడు "భవానీ, కూర్చో" అంటుంటే ఆయనకి అదేదో హాయిగా ఉన్నట్టుంది. చిన్నోడి తండ్రి అనే బరువు కాసేపు దిగినట్టు.

ఇరుముడి మా పేట అమ్మవారి గుళ్ళో కట్టారు. ఇంట్లోవాళ్ళు తలా దోసెడు బియ్యం పోయాలి. అమ్మ పోసింది. పక్కకి జరగకుండా మళ్ళీ ఇంకో దోసెడు పోసింది. ఒకటి చాలమ్మా అనబోయి గురుభవాని ఆగిపోయాడు.

సాయంత్రం బయల్దేరాం. నేను మాల వేసుకోలేదు, మాత్రలూ మంచినీళ్ళూ బిస్కెట్లూ ఉన్న సంచి మోసుకుంటూ, చెప్పులేసుకుని మరీ నడిచాను. ఆటోనగర్ దాటి హైవే ఎక్కితే పెదకాకాని దాకా బాగానే ఉంటుంది, మల్లేశ్వరస్వామికి బయట్నుంచే దణ్ణం పెట్టుకుని ముందుకెళ్ళాం. నంబూరు వచ్చేసరికి చలి మొదలైంది. లారీ వెళ్ళిన ప్రతిసారీ గాలికి కండువాలు ఎగిరిపోతుంటాయి, కింద సర్వీసు రోడ్డు మీద కంకర పలుకులు. దారిలో ఎవరెవరో టెంట్లు వేసి పులిహోర, అరటిపళ్ళు పెడుతున్నారు, వద్దన్నా వినరు.

కాజ టోల్ ప్లాజా దగ్గర జట్టు మొత్తం ఒక్కసారిగా ఆగి, బూత్‌లో ఉన్న కుర్రాడి వైపు తిరిగి "నడిచేవాళ్ళకి ఎంత?" అని గట్టిగా అరిచారు. ఆ కుర్రాడు బిత్తరపోయాడు. నాకూ అర్థం కాలేదు. ఒక చిన్న భవాని నవ్వుతూ చెప్పాడు: ప్రతి ఏడాదీ ఇక్కడ ఆగి అట్లా అడిగేది చిన్నోడేనట, ఈసారి వాడి బదులు వీళ్ళు అడిగారు. నేను నాన్న ముఖం చూడ్డానికి కూడా భయపడ్డాను. ఆయన నాలుగడుగులు వేసి, గుమస్తా గొంతుతో, "రానూపోనూ కలిపి అడగాల్సిందిరా, తగ్గేది" అన్నాడు.

నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆ నవ్వుల్లోనే ఆయన మొదలుపెట్టాడు. చిన్నోడు ఆరేళ్ళప్పుడు యార్డుకొచ్చి, తేజ కాయకీ బ్యాడిగి కాయకీ తేడా తనకి తెలుసని పందెం కట్టి, రెండూ కొరికి, నీళ్ళు వద్దంటూ గంటసేపు ఏడ్చిన సంగతి. ఇది జట్టులో ఎవరికీ తెలియదు. వాళ్ళు ఇంకోటి చెప్పారు. అది మాకు తెలియదు. చినకాకాని దాకా ఇదే. మధ్యలో ఒకచోట నాన్న మాట ఆపి కల్వర్టు గోడ మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఊరుకో అని ఎవరూ అనలేదు. గురుభవాని పక్కన కూర్చుని తన కాలి ముల్లు తీసుకుంటూ ఉండిపోయాడు. నేను నిలబడి చూస్తున్నా. నాకు ఏడుపు రాలేదు, ఇప్పటికీ సరిగ్గా రాలేదు, నా సంగతి వేరే.

లేచాక తెలిసింది, ఆయన కుడి పాదం మడమ దగ్గర రూపాయి బిళ్ళంత బొబ్బ. చిన్న భవాని సంచిలోంచి పాత పాండ్స్ డబ్బా తీశాడు. అందులో సూది, తెల్లదారం, పసుపు పొట్లం, అగ్గిపెట్టె. సూదిని మంటలో కాల్చి, దారం ఎక్కించి, బొబ్బకి ఒక పక్క గుచ్చి రెండో పక్క తీసి, దారం రెండు కొసలూ బయట వేలాడేలా కత్తిరించి వదిలాడు. నీరు దారం వెంబడి కారిపోతుంది, పైచర్మం ఊడదు, నడవొచ్చు. పైన పసుపు అద్దాడు. షుగర్ కాళ్ళకి ఇది మంచిది కాదని నేను గొణుగుతూనే ఉన్నా, నన్నెవరూ పట్టించుకోలేదు. (మర్నాడు డాక్టర్ కూడా తిట్టాడు, షుగర్ ఉన్నవాళ్ళు ఎవరూ చేయించుకోకండి.) "ఇదెక్కడ నేర్చావురా?" అని నాన్న అడిగితే, "మీవోడే భవానీ. డబ్బా కూడా ఆడిదే" అన్నాడు. నాన్న ఆ డబ్బా చేతిలోకి తీసుకుని, మూత తిప్పి చూసి, తిరిగి ఇచ్చేశాడు. అడిగితే ఇచ్చేసేవాళ్ళే. అడగలేదు.

మంగళగిరిలో పడుకున్నాం, అంటే పడుకున్నట్టు నటించాం. పదకొండంతస్తుల గాలిగోపురం కింద వరసగా ఎర్ర దుప్పట్లు. పానకాల స్వామి పోసిన పానకం సగం తాగి సగం మనకే వదిలేస్తాడు కదా, నాన్న దానికి "షుగరేమో ఆయనక్కూడా" అన్నాడు. అంటే మనిషి దార్లో పడ్డాడు.

తెల్లవారే సమయానికి కృష్ణ ఒడ్డున సీతానగరం. చిన్నోడి అస్థికలు కలిపింది ఇక్కడే, అప్పుడు నాన్న మెట్లు దిగలేక ఆటోలోనే కూర్చున్నాడు, నేనూ బాబాయీ కానిచ్చాం. ఈసారి "ఏడ?" అని అడిగి దిగాడు. కాళ్ళు కడుక్కున్నాడు, వచ్చాడు. అంతే. ఆలస్యమైతే క్యూ పెరిగిపోతుందని వెనక నుంచి తొందర. ప్రకాశం బ్యారేజీ మీద జనం అప్పటికే ఎర్రగా పారుతున్నారు.

కొండ దగ్గర సంగతులు త్వరగా చెప్పేస్తాను. గిరి ప్రదక్షిణ ఏడెనిమిది కిలోమీటర్లు, కుమ్మరిపాలెం, సితార సెంటర్, చిట్టినగర్ మీదుగా మళ్ళీ కొండ కిందికి. తర్వాత వినాయకుడి గుడి దగ్గర్నుంచి క్యూ. గంటల తరబడి నిలబడితే అమ్మవారు కనిపించేది రెప్పపాటు, నాకు ముక్కుపుడక ఒక్కటే గుర్తుంది. కిందికొచ్చి ఇరుముడి విప్పారు, నేతి కొబ్బరికాయ హోమగుండంలో వేశారు, గురుభవాని మాల తీశాడు. అక్కడ ఏదో జరుగుతుందని నేను అనుకున్నా, ఏం జరగలేదు. జరగాల్సింది కాజ టోల్‌గేట్ దగ్గరే అయిపోయింది.

బస్టాండుకి ఆటో అతను మనిషికి వంద అన్నాడు. నాన్న ఆ కుంటి కాలితోనే బేరమాడి నలభైకి తెచ్చాడు.

ఇంటికి రాగానే అమ్మ వేడినీళ్ళు పెట్టి, ఆయన మడమ చూసి, దారం ఎవరు కట్టారని అడిగింది. చెప్పాం. డబ్బా సంగతి, టోల్‌గేట్ సంగతి, రానూపోనూ సంగతి. టోల్‌గేట్ ముక్క నాన్న చేత మళ్ళీ చెప్పించుకుంది. అంతా విని, "వచ్చే ఏడు నేనూ నడుస్తా" అంది. ఆడవాళ్ళు అంత దూరం ఎట్టా, రోడ్డు మీద బాత్రూంలు కూడా ఉండవని నేను అంటుంటే, నాన్న వేళ్ళు మడిచి లెక్క చెప్పడం మొదలుపెట్టాడు: "పెదకాకాని గుళ్ళో ఉంది. నంబూరు దాటాక పెట్రోల్ బంకులో ఉంది. టోల్‌గేట్ కాడ ఉంది, మంగళగిరిలో ఉంది. అయినా ముందు ఈవిడ మోకాళ్ళ సంగతి డాక్టర్ని అడగండి."