సంగం: పెన్న నీళ్ళు పొలాల దారి పట్టే ఊరు

సంగం చూడాలంటే వేళ చూసుకుని వెళ్ళాలి. కాలువల్లో నీళ్ళు కావాలంటే నవంబరు, కట్టడాలు అడుగుదాకా కనబడాలంటే ఎండాకాలం. మేం మొదటి పంటకు నీళ్ళు వదిలాక బయల్దేరాం. నెల్లూరులో ఆత్మకూరు బస్టాండుకు పోయి బస్సెక్కితే కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం మీదుగా సుమారు 30 కిలోమీటర్లు.

పెన్నలో బీరాపేరు, బొగ్గేరు వచ్చి కలిసే చోటు కాబట్టి సంగం. ఒడ్డున కామాక్షీ సమేత సంగమేశ్వరుడి గుడి ఉంది. చాలామంది దర్శనం చేసుకుని అటునుంచి అటే ఆత్మకూరు వైపు వెళ్ళిపోతారు. కానీ నెల్లూరు డెల్టా పంట చాలావరకు ఈ ఊరి మీద ఆధారపడి ఉంది. అది తెలియాలంటే బ్యారేజీ మీద నడవాల్సిందే.

1882–86 మధ్య ఇక్కడ ఆనకట్ట కట్టారు. ఆనకట్టంటే నదికి అడ్డంగా కదలని గోడ. వరద దాని మీదుగా దూకిపోతుంది, వెనక ఇసుక మేట వేస్తుంది. మేట పెరిగేకొద్దీ కాలువ తలకు అందే నీరు తగ్గుతుంది. దూకిన నీరు దిగువన పునాది కింద ఇసుకను కోస్తుంది, గండ్లు పడేది అందుకే. నూట ముప్పై ఏళ్ళకు పైగా ఆ గోడే కాలువలకు నీళ్ళు మళ్ళించింది. దాని పక్కన కట్టిన కొత్త బ్యారేజీని 2022 సెప్టెంబరు 6న ప్రారంభించి, దివంగత మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి పేరు పెట్టారు. పొడవు 1,195 మీటర్లు, గేట్లు 85. వరదొస్తే ఎత్తేస్తారు, ఇసుక కూడా నీళ్ళతోపాటు దిగువకు పోతుంది.

గేట్ల వెనక నిండుగా నిలిచిన నీళ్ళు చూసి, ఇక కరువు లేదనుకుంటారు. అది పొరపాటు. ఇక్కడ నిలిచేది 0.45 టీఎంసీ మాత్రమే (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). అసలు నిల్వ ఎగువన సోమశిల జలాశయంలో, 78 టీఎంసీలు. బ్యారేజీ పని నీటిమట్టం పెంచి కాలువలకు ఎక్కించడం. ఎడమ వైపు కనిగిరి, కావలి కాలువలు, కుడి వైపు కనుపూరు కాలువ. దీని కింద ఆయకట్టు 3.85 లక్షల ఎకరాలు. కాలువ తల దగ్గర కాసేపు నిలబడండి. లస్కరు, అంటే కాలువ నీళ్ళు చూసుకునే ఉద్యోగి, తూము షట్టర్ ఎత్తేటప్పుడు నీరు ముందు బురద రంగులో పొంగి, గుర్రపుడెక్కను తోసుకుంటూ గోడ మీది కొలత గీతలను ఒక్కొక్కటే ముంచుతుంది. ఎంత వదిలారన్నది ఆ గీతలే చెబుతాయి.

బీరాపేరు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉండే వాగే, అయినా తక్కువ అంచనా వేయకూడదు. ఈశాన్య రుతుపవనాల్లో వాన గట్టిగా పడిందంటే గంటల్లో పొంగుతుంది. అదే సమయంలో పెన్న కూడా నిండుగా ఉంటే వాగు నీటికి పోయే దారి ఉండదు, వెనక్కి తన్ని రోడ్డెక్కుతుంది. 2021 నవంబరు వరదల్లో ఈ దారిలో రాకపోకలు ఆగిపోయాయి. తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. మామూలు రోజుల్లోనూ నదిలో ఎక్కడపడితే అక్కడ స్నానానికి దిగొద్దు. ఇసుక తవ్విన గుంతలు పైకి కనబడవు, మోకాటి లోతనుకున్న చోట అడుగు అందదు.

పొలాల్లో మాటలు కలిపితే లెక్కంతా పుట్లలోనే. ఇక్కడ పుట్టి ధాన్యమంటే 850 కిలోలు. అక్టోబరులో సాగునీటి సలహా మండలి కూర్చుని, సోమశిలలో ఉన్న నీటిని బట్టి ఏ కాలువ కింద ఎంత ఆయకట్టుకు ఇవ్వాలో తేలుస్తుంది. మార్చికి కోతలు. నీళ్ళు మిగిలితే వేసవిలో ఎడగారు, అంటే రెండో పంట. చివరి ఆయకట్టు రైతుకు అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కోతలకూ ఎడగారు నీళ్ళకూ మధ్య దొరికే కొద్ది వారాల్లోనే కాలువల పూడిక తీయాలి. ఆ పని ఆలస్యమైతే తల దగ్గర ఎంత వదిలినా తోకకు చేరదు. బ్యారేజీ ఎంత గొప్పగా ఉన్నా పూడిన పిల్లకాలువకు అది చేయగలిగిందేమీ లేదు. అందుకే బ్యారేజీ చూశాక ఏదో ఒక కాలువ గట్టు పట్టుకుని కొంతదూరమైనా నడవండి. తిరుగు ప్రయాణంలో బుచ్చిలో దిగితే కనిగిరి రిజర్వాయరు చూడొచ్చు, అక్కణ్ణుంచి ఆటోలో జొన్నవాడ కామాక్షమ్మ గుడికీ వెళ్ళొచ్చు.