రేకు రోబో: తుప్పు ఆపాను, రంగు వేయలేదు

జపాన్ హొరికావా కంపెనీ వాళ్ల రేకు రోబో ఇది, 1960ల నాటిది. వీపు మీద ఆ కంపెనీ గుర్తు, ఎస్.హెచ్. ముద్ర ఉంది. రెండు పెద్ద సెల్స్ వేస్తే నడవాలి, ఆగాలి, ఛాతీ తలుపులు తెరుచుకుని తుపాకులు బయటికి రావాలి. నా చేతికి వచ్చేసరికి కదలిక లేదు. భుజాల దగ్గర రంగు పోయి రేకు బయటపడింది, సెల్స్ పెట్టే గూట్లో తెల్లటి పెచ్చు, అంచుల్లో తుప్పు. అమలాపురంలో చూసినవాళ్లంతా ఒకటే మాట: "కార్లకి పెయింట్ వేసేవాడికి ఇవ్వండి, కొత్తదానిలా చేసిస్తాడు." ఇవ్వలేదు. శుభ్రం చేశాను, తుప్పు ఆపాను, మోటారు తిరిగేలా చేశాను. పోయిన రంగు పోయినట్టే ఉంచాను.

ఈ బొమ్మల మీద ఉన్నది స్ప్రే గన్నుతో కొట్టిన రంగు కాదు. చదునుగా ఉన్న రేకు మీద లితోగ్రఫీ అనే అచ్చు పద్ధతిలో ఒక్కో రంగూ ముద్రించి, పైన వార్నిష్ పూసి, ఆ తర్వాతే డైలో (ఆకారమిచ్చే ఉక్కు మూసలో) నొక్కి వంచుతారు. ఛాతీ మీది మీటర్ల ముళ్లు, రివెట్ల చుక్కలు అన్నీ ముద్రణలో వచ్చినవే, చేత్తో మళ్లీ వేసేవి కావు. పైగా కారు పెయింట్‌లో కలిపే థిన్నర్ పక్కనున్న సిరాని కూడా కరిగిస్తుంది. ఒకసారి వేశాక వెనక్కి తీయడం కుదరదు. సేకరించేవాళ్లు మళ్లీ రంగేసిన బొమ్మకి విలువ బాగా తగ్గిస్తారు. నాకు మాత్రం ధర కంటే ఆ ముద్రణే ముఖ్యం.

అలాగని "అసలు ముట్టుకోవద్దు" అనే సలహా మన కోనసీమలో పనికిరాదు. ఈ రేకు అంటే ఉక్కు మీద పల్చటి తగరం పూత. ఇంటి కప్పుకి వేసే జింకు రేకు మీద గీత పడితే జింకు తాను అరిగిపోయి ఇనుముని కాపాడుతుంది. తగరం అలా కాదు, గీత పడిన చోట ఇనుమే ముందు తుప్పు పడుతుంది. ఆ తుప్పు సిరా కిందికి పాకి పొరని పైకి లేపేస్తుంది. వానాకాలంలో మన దగ్గర గాలిలో తేమ 80 శాతం దాటుతుంది, సముద్రం వైపు నుంచి ఉప్పు గాలి సరేసరి. వదిలేస్తే ఏటా కొంత ముద్రణ పోతూనే ఉంటుంది.

మొదట మెత్తటి పెయింట్ బ్రష్‌తో పొడి దుమ్ము దులపాలి. గుడ్డతో రుద్దితే దుమ్ములోని ఇసుక రేణువులే గీతలు పెడతాయి. తర్వాత పరీక్ష: పాదం అడుగున, కనబడని చోట, తడి ఇయర్‌బడ్ నెమ్మదిగా తిప్పి చూడాలి. బడ్‌కి మట్టి రంగు వస్తే మురికి, ఎరుపో నీలమో వస్తే సిరా, అక్కడితో ఆపేయాలి. బోరు నీళ్లు వాడకండి, సముద్రం దగ్గర ఊళ్లలో అవి ఉప్పగా ఉంటాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ చాలు, అర గ్లాసుకి లిక్విడ్ సోపు ఒక్క చుక్క. రెండంగుళాల మేర తుడవడం, వెంటనే ఆరబెట్టడం, ఆ తర్వాతే పక్క చోటు. స్పిరిట్, నెయిల్ పాలిష్ రిమూవర్, అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్, కారు రబ్బింగ్ కాంపౌండ్, ఇవేవీ ముద్రణ దగ్గరికి రానివ్వకూడదు.

తుప్పుకి కుట్టుమిషను ఆయిలు. ఒక చుక్క పెట్టి కొన్ని గంటలు నాననిచ్చి, వెదురు టూత్‌పిక్ మొన చదును చేసి గీరాను. వెదురు తుప్పుని లేపుతుంది, రేకుని గీయదు. లేచి ఉన్న సిరా అంచు జోలికి పోలేదు. అరగదీసే కాగితం, తుప్పు మందు రెండూ వద్దు. తుప్పు మందులోని ఆమ్లం సిరా కిందికి దిగితే కడిగినా పోదు. గోధుమ రంగు మచ్చ కొంత మిగిలింది, మిగలనివ్వండి. పొడి రాలడం ఆగితే చాలు.

సెల్స్ గూడే అసలు తలనొప్పి. మామూలు జింకు-కార్బన్ సెల్ కారితే ఆమ్లం, ఆల్కలైన్ సెల్ కారితే క్షారం. విరుగుడు కూడా తారుమారు. చేపలు, రొయ్యల చెరువుల మందులమ్మే షాపులో పీహెచ్ కాగితం దొరుకుతుంది, ఆమ్లమో క్షారమో రంగు మారి చూపిస్తుంది. పెచ్చు మీద తడిపి ఆనిస్తే తెలిసిపోతుంది. నా బొమ్మలో ఆమ్లం వచ్చింది కాబట్టి వంటసోడా నీళ్లు, క్షారమైతే వెనిగర్. బడ్‌తోనే, చుక్కలుగానే. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, కాంటాక్టు రేకుల్ని పెన్సిల్ రబ్బరుతో మెరిసేదాకా రుద్దాను. పాత రంగులోనూ టంకంలోనూ సీసం ఉండొచ్చు, గ్లవ్స్ తప్పనిసరి. ఆ పొడి ఊదకూడదు, తడిగుడ్డతో ఎత్తాలి.

ఒళ్లు విప్పడానికి ముందు ఫోటోలు తీసుకోండి. రెండు సగాలూ రేకు నాలుకలతో పట్టి ఉంటాయి. ఒకసారి వంచితే ఓర్చుకుంటాయి, పదేపదే వంచితే మొదట్లోనే విరుగుతాయి. అందుకే పూర్తిగా నిటారుగా లేపకుండా, గాడిలోంచి జారేంత వరకే, మొన మీద టేపు చుట్టిన నోస్ ప్లయర్‌తో లేపాను. లోపల గేర్ల మీద పాత గ్రీజు మైనంలా గట్టిపడింది. రోబో నడవకపోవడానికి కారణం మోటారు కాదు, ఇదే. ఇక్కడ ముద్రణ లేదు కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడొచ్చు, ప్లాస్టిక్ భాగాలకి తగలకుండా. గేరు పళ్లకి కొత్త తెల్ల గ్రీజు పల్చగా, ఇరుసులకి ఆయిలు సూదిమొనంత. డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టకండి, అది పాత గ్రీజుని కరిగించి మోటారు లోపల కరెంటు అందించే బ్రష్‌ల దాకా తీసుకుపోతుంది.

మోటారుకి ముందు ఒక్క సెల్, 1.5 వోల్టులే. తిరగకుండా మూలిగితే వెంటనే తీసేయాలి, ఆగిన మోటారులో కరెంటు పెరిగి తీగ చుట్ట మాడుతుంది. ఇరుసుని వేలితో తిప్పి వదులు చేసి మళ్లీ పెట్టాలి. తేలిగ్గా తిరిగాకే రెండు సెల్స్, 3 వోల్టులు.

చివరగా, తేమ తగలకుండా మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ (పెట్రోలియం నుంచి తీసే ఒక రకం మైనం), గట్టిగా ఉన్న ముద్రణ మీదా బయటపడ్డ రేకు మీదా పల్చగా. పొర లేచిన చోట వ్యాక్స్ రుద్దలేదు. రోబోని సెల్స్ తీసేసి మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాను, తేమ పీల్చే సిలికా జెల్‌తో, చిన్న తేమ మీటరుతో. డబ్బాలో తేమ 50 శాతం లోపు ఉండాలి. వానాకాలంలో జెల్ రంగు తొందరగా మారుతుంది, అప్పుడు ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు. న్యూస్‌పేపరు చుట్టొద్దు, రబ్బరు బ్యాండు వేయొద్దు. మొదటిది తేమ పీలుస్తుంది, రెండోది కరిగి సిరాకి అంటుకుంటుంది.